టీకా వేసుకోనివారు ప్రీమియం ఎక్కువ కట్టాలా?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. నాకు 62 ఏళ్లు, మావారికి 66. మా ఇద్దరి ఆరోగ్య బీమా ప్రీమియం కోవిడ్ తర్వాత ఏటా పెరుగుతూనే ఉంది. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు దీని మీదే వాదన నడిచింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి, మహమ్మారిలో ఎక్కువగా ఆసుపత్రుల పాలైంది పెద్దవాళ్లే కాబట్టి వాళ్లే ఎక్కువ కట్టాలని అన్నాడు. మా మరిది, వయసు ఎవరి చేతిలోనూ లేదని, టీకా వేసుకోనివారి దగ్గరే అదనంగా వసూలు చేయాలని, అమెరికాలో, సింగపూర్‌లో అదే చేశారని వాదించాడు. మావారేమో అందరికీ ఒకే ధర ఉండాలంటారు. రేపు మళ్లీ అలాంటి జబ్బే వస్తే ఎవరు ఎంత కట్టడం న్యాయం?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అబ్బాయి మాటను నేను కొంతవరకు ఒప్పుకుంటాను, మీ మరిది మాటను ఒప్పుకోను. ఎందుకో చెప్పేముందు, మామూలు జబ్బుకూ మహమ్మారికీ బీమా లెక్కలో ఉన్న తేడా చూడాలి. ఒకరికి గుండెపోటు వచ్చినంత మాత్రాన పక్కింటివారికి వచ్చే అవకాశం పెరగదు. అందుకే లక్షల మంది దగ్గర కొద్దికొద్దిగా పోగుచేసిన సొమ్ముతో ఆ ఏడాది ఆసుపత్రిలో చేరినవారి బిల్లులు కట్టగలుగుతారు. అంటువ్యాధి ఈ లెక్కను రెండు వైపులా దెబ్బతీస్తుంది. ఒకటి, అందరూ ఒక్కసారే పడకేస్తారు. రెండు, నాకు జబ్బు వస్తుందా రాదా అన్నది నా ఒంటి మీదే కాక, నేను ఎక్కే బస్సు మీదా, మా ఇంటికి పాలు పోసే మనిషి మీదా, ఆయన ఇంట్లో ఎందరు ఒకే గదిలో పడుకుంటారన్నదాని మీదా ఆధారపడి ఉంటుంది. ఇలాంటప్పుడు ఎవరి రిస్కుకు తగ్గ ధర వారే కట్టాలనే సూత్రానికి పట్టు దొరకదు.

ఇది మన దగ్గరే అనుభవానికి వచ్చింది. 2020 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశాలతో ‘కరోనా కవచ్’ అనే ప్రామాణిక పాలసీ వచ్చింది. 50 వేల నుంచి 5 లక్షల రూపాయల వరకు బీమా, మూడున్నర, ఆరున్నర, తొమ్మిదిన్నర నెలల గడువులు, మొదటి 15 రోజులు వేచి ఉండాలన్న నిబంధన, ఇవన్నీ చాలామందికి గుర్తుండే ఉంటాయి. అంతగా చర్చకు రాని నిబంధన మరొకటి ఉంది: కంపెనీలు ప్రాంతాన్ని బట్టి ధర మార్చకూడదు. ముంబయిలో కేసులు వేలల్లో ఉన్న ఆ రోజుల్లో, ముంబయివారికీ ఖమ్మంవారికీ ఒకే ధర ఏమిటని అప్పుడు అడిగినవారి ప్రశ్న పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆంధ్రప్రదేశ్‌నే చూడండి. 2020 ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు కర్నూలు జిల్లాలో ఉండేవి. కొద్ది నెలలకే తూర్పు గోదావరి అన్ని జిల్లాలనూ దాటిపోయింది. మే నెలలో జిల్లాల వారీగా ధర కట్టి ఉంటే కర్నూలు రైతు ఎక్కువ కట్టేవాడు, కాకినాడ వ్యాపారి తక్కువ కట్టేవాడు, ఆగస్టు వచ్చేసరికి ఆ ధరలకు అర్థమే ఉండేది కాదు. అందువల్ల ప్రాంతం విషయంలో అందరికీ ఒకే ధర అన్న మీవారి మాటే సరైనదని నా అభిప్రాయం.

వయసు సంగతి వేరు. కోవిడ్‌తో తీవ్రంగా జబ్బుపడే ప్రమాదం వయసుతోపాటు బాగా పెరిగింది, ఇతర జబ్బులూ అంతే. కరోనా కవచ్‌లో కూడా వయసును బట్టి ధర మారింది. పాతికేళ్లవారికీ డెబ్బై ఏళ్లవారికీ ఒకే ధర పెడితే పాతికేళ్లవారు పాలసీ తీసుకోవడమే మానేస్తారు. అప్పుడు మిగిలిన పెద్దవాళ్ల మీద భారం ఇంకా పెరుగుతుంది. మీ అబ్బాయి చెప్పినదాంట్లో నిజం ఇక్కడ ఉంది. అయితే ఆ తేడాకు ఒక హద్దు ఉండాలి. అమెరికాలో వ్యక్తులు సొంతంగా కొనుక్కునే పాలసీలకు 2014 నుంచి అలాంటి హద్దు ఉంది: వయోజనుల్లో వయసును బట్టి వేసే అత్యధిక ధర, అత్యల్ప ధరకు మూడు రెట్లు మించకూడదు. పొగాకు వాడేవారి దగ్గర ఒకటిన్నర రెట్ల వరకు తీసుకోవచ్చు. ఇవికాక ఉండే ఊరు, కుటుంబంలో ఎందరన్నదీ చూస్తారు. ఒంట్లో ఉన్న జబ్బును చూసి ధర పెంచడానికి వీల్లేదు. ఇలా హద్దు పెడితే వయసులో ఉన్నవారు కొంచెం ఎక్కువ కట్టాల్సి వస్తుంది. మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి: ఈ రోజు అతను కట్టే అదనపు రూపాయి మీకోసం చేసే దానం కాదు, ముప్పై ఏళ్ల తర్వాత తన ధర హద్దు దాటకుండా ఉండేందుకు ముందుగా కట్టుకునే వాటా.

ఇక టీకా సంగతి. మీ మరిది చెప్పిన రెండు ఉదాహరణల్లోనూ కొంత నిజం ఉంది, కానీ వాటిని పూర్తిగా చూడాలి. అమెరికాలోని అట్లాంటా కేంద్రంగా నడిచే విమానయాన సంస్థ డెల్టా ఎయిర్‌లైన్స్, కంపెనీ ఆరోగ్య పథకంలో ఉండి టీకా వేసుకోని ఉద్యోగుల మీద నెలకు 200 డాలర్ల అదనపు భారం వేస్తామని 2021 ఆగస్టులో ప్రకటించి, నవంబర్ నుంచి అమలు చేసింది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన ఒక్కో ఉద్యోగికి సగటున 50 వేల డాలర్లు ఖర్చవుతోందన్నది దాని అధిపతి ఎడ్ బాస్టియన్ చూపిన కారణం. ఒమిక్రాన్ వచ్చి, టీకా వేసుకున్నవారికీ ఇన్ఫెక్షన్ సోకిన తర్వాత, 2022 ఏప్రిల్‌లో ఆ అదనపు వసూలును కంపెనీయే ఎత్తివేసింది. సింగపూర్ అసలు ప్రీమియమే పెంచలేదు. అక్కడి ప్రభుత్వం కోవిడ్ బిల్లులను పూర్తిగా తానే భరిస్తూ వచ్చి, అర్హత ఉండీ టీకా వద్దనుకున్నవారికి 2021 డిసెంబర్ 8 నుంచి ఆ ప్రత్యేక సాయాన్ని ఆపింది. అయినా వారు మామూలు ప్రభుత్వ రాయితీని, జాతీయ బీమాను వాడుకోవచ్చని స్పష్టంగా చెప్పింది. కెనడాలోని క్యూబెక్ ప్రావిన్సు టీకా వేసుకోనివారి మీద ఆరోగ్య పన్ను వేస్తామని 2022 జనవరిలో ప్రకటించి, సమాజం చీలిపోతుందంటూ ఫిబ్రవరి 1న వెనక్కి తీసుకుంది.

నేను టీకాను గట్టిగా సమర్థించేవాణ్ణి. అయినా దాన్ని బీమా ధరతో ముడిపెట్టడాన్ని వ్యతిరేకిస్తాను, ఎందుకంటే 2021 మే నెల నాకు బాగా గుర్తుంది. మే 1 నుంచి 18 ఏళ్లు నిండినవారందరికీ టీకా అన్నారు, కానీ 45 ఏళ్లలోపువారు ముందుగా ప్రభుత్వ టీకా పోర్టల్ కోవిన్‌లో నమోదు చేసుకోవాలన్నారు. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న కుర్రాడు నా దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. నా ఫోన్‌లో ఓటీపీ కొట్టి, పిన్‌కోడ్ వేసి, పచ్చరంగులో స్లాట్ కనిపించగానే నొక్కేలోపు అది ఎర్రగా మారిపోయేది. అలా నాలుగు రోజులు తిరిగాక, పని పోతోందని రావడం మానేశాడు. కంపెనీ లెక్కలో అతను ‘టీకా వేసుకోని వ్యక్తి’. అతనిది ఇష్టంలేకపోవడమా, అందకపోవడమా అన్నది ప్రీమియం పట్టికలో ఏ గడిలో రాస్తారు? 2022 మే 2న సుప్రీంకోర్టు, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని చెబుతూనే, ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం తగిన ఆంక్షలు పెట్టవచ్చని, అవి అవసరానికి మించకూడదని చెప్పింది. టీకాకు పురికొల్పే పని ప్రభుత్వానిది, ఆశా కార్యకర్తలది, డాక్టర్లది. ఆ పనిని బిల్లు కట్టలేని రోగి మీద పెట్టకూడదు.

మరి అందరూ ఒక్కసారే పడకేస్తే ఆ ఖర్చు ఎవరిదన్న ప్రశ్న మిగిలింది. ఒక్కో కంపెనీ దాన్ని ఒంటరిగా మోయలేదు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత ఉగ్రవాద నష్టాలకు మన బీమా కంపెనీలు 2002లో, బీమా కంపెనీలకే బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ జీఐసీ రీ నిర్వహణలో ఒక ఉమ్మడి నిధి పెట్టుకున్నాయి. మహమ్మారికీ అలాంటిదే, ప్రభుత్వ పూచీతో పెట్టాలని ఐఆర్‌డీఏఐ నియమించిన బృందం 2020లోనే సిఫార్సు చేసింది. మహమ్మారి లేని సంవత్సరాల్లో కొంచెం కొంచెం కూడబెట్టుకోవడం, మించిపోయినప్పుడు ఖజానా నిలబడటం, ఇదే నాకు న్యాయంగా కనిపించే ధర. జబ్బు ఊళ్లోకి వచ్చాక పంచాయితీ పెట్టుకుంటే ఎప్పుడూ బలహీనులే ఎక్కువ కడతారు.

ప్రశ్న: మా నాన్నగారి (68 ఏళ్లు) ప్రీమియం రెన్యువల్‌లో ఒకేసారి 18 శాతం పెంచారు. అడిగితే కరోనా తర్వాత అంతేనని ఏజెంటు అంటున్నాడు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఏజెంటు మాటతో ఆగకండి. 60 ఏళ్లు దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా తనతో సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది. పెంపునకు ఆధారమేమిటో చెప్పమని కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయండి, ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ ‘బీమా భరోసా’లో కూడా నమోదు చేయండి. నెలలోపు సరైన జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులపై తీర్పు చెప్పే అధికారి అయిన హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు; ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి, రెన్యువల్ నోటీసులో పన్ను పేరిట ఏమైనా వేశారేమో చూడండి. వేరే కంపెనీకి మారదలిస్తే రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టండి. కొత్త కంపెనీ అంగీకారం రాతలో చేతికి వచ్చేదాకా పాత పాలసీని మాత్రం రద్దు కానివ్వకండి.