వైరస్‌తో జన్యు చికిత్స: కోర్సు పేరు చూసి కాదు, ల్యాబ్ చూసి చేర్చండి

ప్రశ్న: మాది అనంతపురం. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. నా భార్య అక్కగారి అబ్బాయికి హీమోఫీలియా ఏ (రక్తం సరిగా గడ్డకట్టని వారసత్వ జబ్బు) ఉంది. వైరస్‌ల ద్వారా మంచి జన్యువును శరీరంలోకి పంపి ఇలాంటి జబ్బులకు చికిత్స చేస్తున్నారని తెలిసినప్పటి నుంచి తను ఆ రంగంలోకే వెళ్తానని పట్టుబడుతోంది. వైరస్‌లతో పనిచేయడం ప్రమాదం కాదా? మన దేశంలో ఉద్యోగాలు ఉన్నాయా? డిగ్రీ పూర్తికాగానే ఏడాదిలో ‘జీన్ థెరపీ డిప్లొమా’ ఇస్తామంటూ ఒక ప్రైవేటు సంస్థ రెండున్నర లక్షలు అడుగుతోంది. చేర్చవచ్చా?
– ఒక తండ్రి

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబిస్తాను. ఆ డిప్లొమాలో చేర్చవద్దు. కారణం చెప్పాలంటే, ఈ రంగంలో రోజువారీ పని ఎలా ఉంటుందో కొంత వివరించాలి. అది తెలిస్తే మిగిలిన రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

వైరస్ స్వభావం ఒక్కటే: కణంలోకి దూరి, తన జన్యు పదార్థాన్ని అక్కడ వదిలి, ఆ కణం చేతే తన పని చేయించుకోవడం. శాస్త్రవేత్తలు ఆ దూరే శక్తిని మాత్రం ఉంచి, జబ్బు కలిగించే జన్యువులను, సంఖ్య పెంచుకోవడానికి కావలసిన జన్యువులను తీసివేసి, ఖాళీ అయిన చోట రోగికి అవసరమైన జన్యువును పెడతారు. అలా మార్చిన వైరస్‌ను వెక్టర్ అంటారు. మీరు కోవిషీల్డ్ టీకా వేయించుకుని ఉంటే ఇలాంటి వెక్టర్ ఒకటి ఇప్పటికే మీ కండరంలోకి వెళ్లి పనిచేసింది. చింపాంజీలకు సోకే అడినోవైరస్‌ను, మన శరీరంలో పెరగకుండా మార్చి, ఆ టీకాలో వాడారు. అయితే టీకా జన్యువు కొద్దికాలం పనిచేసి ఆగిపోయినా ఫరవాలేదు. చికిత్స జన్యువు మాత్రం ఏళ్ల తరబడి పనిచేయాలి, ఈ రంగంలోని కష్టమంతా ఆ తేడాలోనే ఉంది.

నేడు ఎక్కువగా వాడుతున్న వెక్టర్ ఏఏవీ (అడినో అసోసియేటెడ్ వైరస్). 1965లో అడినోవైరస్ నమూనాలను పరిశీలిస్తుండగా వాటిలో కలిసి కనిపించిన చిన్న వైరస్ ఇది. వ్యాసం సుమారు 25 నానోమీటర్లు, మనుషులలో దీనివల్ల వచ్చే జబ్బేదీ ఇంతవరకు రుజువు కాలేదు. దీనిలో ఒక రకమైన ఏఏవీ2 జన్యుక్రమాన్ని 1983లో మొదటిసారి పూర్తిగా వెల్లడించిన బృందంలో ముందు పేరు మన దేశం నుంచి వెళ్లిన అరుణ్ శ్రీవాస్తవది. ఈ సంగతి మీ అమ్మాయికి చెప్పండి, సంతోషిస్తుంది. ఈ వెక్టర్‌కు ఉన్న పెద్ద పరిమితి చోటు. అందులో సుమారు 4,700 జన్యు అక్షరాలే పడతాయి. హీమోఫీలియా బీకి కావలసిన, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫ్యాక్టర్ 9 ప్రోటీన్ జన్యువులో కోడింగ్ భాగం (ప్రోటీన్ తయారీ సూచనలుండే భాగం) 1,400 అక్షరాల లోపే కనుక సులువుగా ఇముడుతుంది. మీ బంధువుల అబ్బాయికి ఉన్న హీమోఫీలియా ఏకి కావలసిన ఫ్యాక్టర్ 8 జన్యువులో అదే భాగం సుమారు 7,000 అక్షరాలు. అందుకే దాని మధ్యలోని బి డొమైన్ అనే భాగాన్ని కత్తిరించి, మిగిలినదాన్ని ఎలాగో సర్ది పెట్టవలసి వచ్చింది. అలా తయారైన మందుకు అమెరికాలో 2023లో అనుమతి లభించింది. ఏఏవీ కంటే ఎక్కువ చోటు ఉండి, కణంలోని క్రోమోజోములోనే జన్యువును శాశ్వతంగా అతికించే లెంటీవైరస్‌ను ఎంచుకోవడం మరో దారి.

ఆ రెండో దారిలో వెళ్లినవారు మనకు దగ్గరలోనే ఉన్నారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు, తీవ్రమైన హీమోఫీలియా ఏ ఉన్న ఐదుగురి రక్త మూలకణాలను బయటకు తీసి, లెంటీవైరస్ ద్వారా వాటిలో ఫ్యాక్టర్ 8 జన్యువును చేర్చి, తిరిగి వారి శరీరంలోకి ఎక్కించారు. చికిత్స తర్వాత పరిశీలించిన కాలంలో వారికి రక్తస్రావాలు ఆగిపోయాయని 2024 డిసెంబరులో ఫలితాలు ప్రచురించారు. ఐదుగురు అంటే చిన్న సంఖ్యే, ఇది ఇంకా పరిశోధన దశే, కనుక మీ బంధువులకు ఇప్పుడే ఆశ పెట్టవద్దు. రక్త క్యాన్సర్లకు ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేయగా 2023 అక్టోబరులో అనుమతి పొందిన నెక్స్‌కార్19 చికిత్సలోనూ రోగి టి కణాలలోకి (ఒక రకం రోగనిరోధక కణాలలోకి) జన్యువును చేర్చేది లెంటీవైరసే. ఐఐటీ కాన్పూర్‌లో ఏఏవీ మీద పనిచేసిన బృందం, వారసత్వ కంటి జబ్బుల కోసం రూపొందించిన సాంకేతికతను రిలయన్స్ లైఫ్ సైన్సెస్‌కు ఇచ్చింది. కాబట్టి ఈ పని మన దేశంలో జరగడం లేదనే మాట నిజం కాదు. కానీ ఇలాంటి చోట్లను ఇప్పటికీ వేళ్లమీద లెక్కపెట్టవచ్చనే మాట మాత్రం నిజం.

ఇక ప్రమాదం సంగతి. ల్యాబ్‌లో పనిచేసేవారికి ప్రమాదం తక్కువే, ఎందుకంటే ఈ వెక్టర్లు తమంతట తాము పెరగలేవు. పైగా లెంటీవైరస్‌తో చేసే పనులు బయోసేఫ్టీ (జీవ భద్రత) రెండో స్థాయి ల్యాబ్‌లలో, సంస్థ బయోసేఫ్టీ కమిటీ పర్యవేక్షణలో సాగుతాయి. జాగ్రత్త ఎక్కువ అవసరమైనది రోగి విషయంలోనే. 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ప్రయోగంలో అడినోవైరస్ వెక్టర్ ఎక్కించిన కొద్ది రోజులకే, శరీరం దానిమీద తీవ్రంగా తిరగబడి, 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ చనిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఫ్రాన్సులో, పుట్టుకతో రోగనిరోధక శక్తి లేని పిల్లలకు రెట్రోవైరస్‌తో చేసిన చికిత్స జబ్బును అదుపులోకి తెచ్చినా, వెక్టర్ ఒక క్యాన్సర్ జన్యువు పక్కన అతుక్కోవడంతో కొందరికి ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చింది. నేటి లెంటీవైరస్ వెక్టర్లను ఆ అనుభవం తర్వాతే మరింత భద్రంగా రూపొందించారు. మీ అమ్మాయి ఈ రంగంలోకి వస్తే విజయాలతో పాటు ఈ చరిత్రనూ కంఠతా పట్టాలని నేను కోరుకుంటాను.

ఉద్యోగాల గురించి మీరు అడిగినది సరైన ప్రశ్నే, అయితే చాలామంది దానికి తప్పు చోట జవాబు వెతుకుతారు. కొత్త జన్యువును కనిపెట్టేవారి కంటే, వెక్టర్‌ను శుద్ధంగా, సరిపడినంత తయారుచేయగలవారు, తయారైనదాన్ని పరీక్షించి ఇది రోగికి ఇవ్వదగినదే అని చెప్పగలవారు ఎక్కువగా కావాలి. కారణం మోతాదు. వెన్నెముక కండరాల క్షీణత ఉన్న పిల్లలకు ఇచ్చే జోల్‌జెన్‌స్మా మందులో కిలో బరువుకు 110 లక్షల కోట్ల వెక్టర్ జన్యు ప్రతులు ఎక్కించాలి. 2019లో అమెరికాలో ఒక్క మోతాదు ధర 21 లక్షల డాలర్లు అని ప్రకటించారు, అంత ధరకు తయారీ కష్టం కూడా ఒక కారణం. సాధారణ పద్ధతిలో హెచ్ఈకే 293 అనే మానవ కణాలను పెంచి, వాటిలోకి ఒకేసారి మూడు ప్లాస్మిడ్లను (గుండ్రని చిన్న డీఎన్ఏ ముక్కలను) పంపి, సుమారు మూడు రోజుల తర్వాత కణాలను పగలగొట్టి వెక్టర్‌ను వేరుచేస్తారు. అలా వచ్చినదానిలో లోపల జన్యువే లేని డొల్ల వైరస్‌లు చాలా ఉంటాయి. వాటిని ఏరివేయడం, ఎన్ని నిండుగా ఉన్నాయో లెక్కించడం, బ్యాక్టీరియా విషపదార్థాలు మిగలలేదని తేల్చడం, ప్రతి దశను కాగితం మీద పెట్టడం వంటి పనులకు వేర్వేరు నైపుణ్యాలున్న మనుషులు కావాలి. ఈ నైపుణ్యాలలో చాలావరకు టీకాలు, బయోసిమిలర్ల (జీవ ఔషధాలకు దగ్గరి నకళ్ల) తయారీలోనూ పనికివస్తాయి కనుక, జన్యు చికిత్సలోనే ఉద్యోగం దొరకకపోయినా హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని కంపెనీల తలుపులు మూసుకుపోవు. ఇది నేను భరోసాగా చెబుతున్న మాట. పూర్తిగా జన్యు చికిత్స మీదే ఆధారపడిన ఉద్యోగాల విషయంలో మాత్రం అంత భరోసా ఇవ్వలేను. 2024 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి పొందిన తన హీమోఫీలియా బీ మందును ఫైజర్ 2025లోనే నిలిపివేసింది. డాక్టర్లు, రోగులు తగినంత ఆసక్తి చూపలేదన్నది ఆ కంపెనీ చెప్పిన కారణాలలో ఒకటి.

ఇప్పుడు డిప్లొమా ఎందుకు వద్దన్నానో మీకు అర్థమై ఉంటుంది. పైన చెప్పిన పనులన్నీ చేతితో నేర్చుకోవలసినవి. సెల్ కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో కణాలను పెంచే పనిలో, వాటిని రెండు మూడు రోజులకు ఒకసారి విడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి మార్చాలి, వాటికి ఆదివారం, పండుగ అని ఉండదు, చిన్న అజాగ్రత్తకు ఫంగస్ పట్టి నెల పని పోతుంది. తరగతి గదిలో స్లైడ్లు చూపించి, చివర రెండు వారాలు ‘హ్యాండ్స్ ఆన్’ అని చెప్పే కోర్సు అది నేర్పలేదు. అయినా అనుమానం తీరకపోతే ఆ సంస్థను రెండే ప్రశ్నలు అడగండి: సెల్ కల్చర్ గదిలో ఒక్కో విద్యార్థి మొత్తం ఎన్ని గంటలు స్వయంగా పనిచేస్తారు, నేర్పేవారు స్వయంగా వెక్టర్ తయారుచేసి ప్రచురించిన పరిశోధన ఏది? సూటిగా సమాధానం రాకపోతే రెండున్నర లక్షలు మిగిలాయనుకోండి.

మీ అమ్మాయి చేయవలసినది, ఆరు నెలలైనా పూర్తిగా ల్యాబ్‌లో ప్రాజెక్టు చేయించే ఎమ్మెస్సీని వెతకడం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట బయోటెక్నాలజీ ఎమ్మెస్సీకి గ్యాట్-బి అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఐఐటీలకు జామ్ అనే ప్రవేశ పరీక్షలో బయోటెక్నాలజీ పేపర్ రాయాలి. రెండింటికీ రెండో సంవత్సరం నుంచే సిద్ధం కావచ్చు. కోర్సు పేరులో జీన్ థెరపీ ఉందా లేదా అన్నది పట్టించుకోవలసిన పనే లేదు. మాలిక్యులర్ బయాలజీ, వైరాలజీ, ఇమ్యునాలజీ గట్టిగా చెప్పి, సెల్ కల్చర్‌లో చేయి తిప్పించే చోటు చాలు. ఆ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లేదా డీబీటీ బెట్ పరీక్ష ద్వారా జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూనే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరుగా వస్తాయి, రెండేళ్ల తర్వాత అది 42,000 అవుతుంది. ఉద్యోగం ముఖ్యమనుకుంటే ఎమ్మెస్సీతోనే తయారీ, నాణ్యత పరీక్షల విభాగాల్లో చేరవచ్చు. పీహెచ్‌డీకి విదేశాలకు వెళ్లడం మంచి ఆలోచనే, కానీ అప్పుచేసి ఎమ్మెస్ చదవడం కంటే, ఇక్కడ ఎమ్మెస్సీ చేసి స్టైపెండు వచ్చే పీహెచ్‌డీ సీటుతో వెళ్లమని నా సలహా.

అంతకంటే ముందు తను ఒక పరీక్షకు నిలబడాలి, అది ఏ బోర్డూ పెట్టేది కాదు. సైన్స్ అకాడమీలు ఏటా కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు వచ్చే వేసవి కోసం దరఖాస్తు చేయించండి. ఎంపికైతే రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో ఉండవచ్చు. ఎంపిక కాకపోతే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఐఐఎస్ఈఆర్ తిరుపతి వంటి పరిశోధన సంస్థల్లో సెల్ కల్చర్ చేసే శాస్త్రవేత్తలకు, వారి పరిశోధనా పత్రం ఒకటి చదివి, అందులో తనకు అర్థం కాని ఒక విషయం అడుగుతూ, స్వయంగా మెయిల్ రాయమనండి. పది మందిలో తొమ్మిది మంది జవాబు ఇవ్వకపోవచ్చు, ఒక్కరు చాలు. నాలుగోసారి కూడా కణాలు చచ్చిపోతే, ఐదోసారి మళ్లీ హుడ్ (కణాలతో పనిచేసే శుద్ధ గాలి పెట్టె) ముందు కూర్చోవాలని తనకు అనిపిస్తుందా లేదా అన్నది ఆ రెండు నెలల్లో తేలిపోతుంది.

మీరు అడగని విషయం ఒకటి చెప్పవలసి ఉంది. హీమోఫీలియా ఏ ఎక్స్ క్రోమోజోము ద్వారా వస్తుంది. మీ భార్య అక్కగారి కుమారుడికి ఉంది కనుక, ఆ జన్యు లోపం మీ భార్యకు, ఆమె ద్వారా మీ అమ్మాయికి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేము. జబ్బు లక్షణాలు లేకపోయినా వాహకురాలు కావచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అక్కడ గాని, మీకు దగ్గరలో ఉన్న జెనెటిక్ కౌన్సెలర్ వద్ద గాని, ఆ అబ్బాయి రిపోర్టులు వెంట పెట్టుకుని ఇద్దరినీ ఒకసారి చూపించండి.