డ్రైవర్ ప్రాజెక్టులో ఇరుక్కున్న బాబుని ఫుల్ స్టాక్ కోర్సులో వేసేయమంటారా?

గాజువాక నుంచి ఒక తండ్రిగారు అడిగారు. బాబు ఈసీఈ మూడో సంవత్సరం, ల్యాప్‌టాప్‌లోనే క్యూఎము అనే సాఫ్ట్‌వేర్‌లో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టుకుని డివైజ్ డ్రైవర్ (పరికరంతో కంప్యూటర్‌ని మాట్లాడించే ప్రోగ్రామ్) రాస్తున్నాడట, ఇంటరప్ట్ (డివైజ్ ప్రాసెసర్‌ని పిలిచే పిలుపు) సరిగ్గా పనిచేయట్లేదని నెలరోజులుగా రాత్రుళ్లు కూర్చుంటున్నాడట, తోడల్లుడుగారేమో ద్వారకానగర్‌లో ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్లు తయారుచేసే) కోర్సులో చేర్చేయమంటున్నారట.

సార్, ఇప్పుడే చేర్చకండి. ఆ కోర్సు ఎక్కడికీ పోదు, వచ్చే బ్యాచ్ ఎప్పుడూ ఉంటుంది. కానీ నెలరోజులు కూర్చోవడం ఒక్కటే చూసి మురిసిపోకండి కూడా, వాడు వెతుకుతున్నాడా లేక ఊరికే లైన్లు మార్చి మార్చి రన్ చేస్తున్నాడా అన్నది చూడాలి. అది తెలుసుకోడానికి మీకు కోడింగ్ రానక్కర్లేదు, "ఇంటరప్ట్ అసలు వచ్చిందా, రాలేదా? నీకెలా తెలుసు?" అని అడగండి చాలు.

ఇక్కడినుంచి బాబుకి ఇచ్చి చదివించండి.

నాన్నా, కోడ్ ముట్టుకునే ముందు లైనక్స్‌లో ప్రోక్ ఫోల్డర్లో ఉండే ఇంటరప్ట్స్ ఫైల్ తెరిచి నీ డివైజ్ లైన్ ఎదురుగా కౌంట్ చూడు. సున్నా దగ్గరే ఉంటే నీ హ్యాండ్లర్‌ని (ఇంటరప్ట్ వస్తే నడిచే ఫంక్షన్‌ని) తిట్టుకోకు, పిలుపు నీదాకా రానేలేదు. ఎంఎస్ఐ (తీగ మీద కాకుండా మెసేజ్‌గా వచ్చే ఇంటరప్ట్) వాడుతున్నావా? అయితే పీసీఐ సెట్ మాస్టర్ పిలిచావో లేదో చూడు, ఎంఎస్ఐ అంటే డివైజ్ చేసే ఒక మెమరీ రైటే కదా, బస్ మాస్టరింగ్ (డివైజ్ తనంతట తానే మెమరీకి రాసే అనుమతి, పీసీఐ సెట్ మాస్టర్ ఇచ్చేది అదే) ఆఫ్‌లో ఉంటే ఆ రైట్ బయటికే రాదు, వర్చువల్ మెషీన్లో కూడా అంతే.

కౌంట్ పిచ్చిగా పెరిగిపోతోందంటే అది వేరే కథ. పాత ఐఎన్‌టీఎక్స్ లైను (తీగ మీద వచ్చే ఇంటరప్ట్) లెవెల్ ట్రిగర్డ్, పలికేదాకా అమ్మ పిలుస్తూనే ఉన్నట్టు నువ్వు డివైజ్‌కి అక్నాలెడ్జ్ రాసేదాకా లైన్ దిగదు. క్యూఎములో నేర్చుకోడానికే పెట్టిన ఎడ్యు డివైజ్ ఉంది చూడు, దాంట్లో 0x24 అడ్రస్ దగ్గర ఇంటరప్ట్ స్టేటస్ చదివి ఆ విలువనే 0x64 లో రాయాలి, అది మర్చిపోతే ఇంటరప్ట్‌ల తుఫానే. హ్యాండ్లర్ "నాది కాదు" అని తిప్పికొడుతూ ఉంటే లైనక్స్ లక్షకి 99,900 పైన అలా పోయినవి లెక్కేసి "నోబడీ కేర్డ్" అని రాసి లైన్‌ని ఆపేస్తుంది, కాసేపు వచ్చి ఆగిపోయిందని చాలామంది అనేది దీన్నే. ఆ మెసేజ్ పోవాలని ప్రతిసారీ ఐఆర్‌క్యూ హ్యాండిల్డ్ ("నాదే, చూసుకున్నాను") అని రిటర్న్ చెయ్యకు, రోగం ఉంటుంది, చెప్పేవాడే ఉండడు.

కౌంట్ బానే ఉండి ప్రోగ్రామ్ నిద్రలేవకపోతే అప్పుడు హ్యాండ్లర్ లోపల చూడు, డేటా సిద్ధం చెయ్యకముందే రిక్వెస్ట్ ఐఆర్‌క్యూ (హ్యాండ్లర్‌ని నమోదు చేసే ఫంక్షన్) పిలిచేశావేమో. ప్రింట్‌కే (కెర్నెల్లో మెసేజ్ రాసే ఫంక్షన్) పెట్టగానే బగ్ మాయమైతే సంతోషపడకు, టైమింగ్ మారిందంతే, ఎఫ్‌ట్రేస్ (కెర్నెల్లో ఏది ఎప్పుడు నడిచిందో నమోదు చేసే పనిముట్టు) వాడు. ఇంకోటి, నిజం చిప్ లోపల ఏం జరిగిందో మనకి కనపడదు, క్యూఎములో డివైజ్ వైపు కోడ్ కూడా తెరిచే ఉంది, చదువు.

మళ్లీ మీకు, సార్. ఈ లైన్లో ఉద్యోగాలు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్‌లోనే, రుషికొండ చుట్టూ తక్కువ, అది ముందే ఒప్పుకోవాలి. ఊళ్లోనే ఉండాలంటే డీఆర్‌డీఓ వాళ్ల నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది, కానీ డీఆర్‌డీఓలో సైంటిస్ట్‌కి గేట్ స్కోర్ చూస్తారు, ఆ చదువు వేరు. చిప్ కంపెనీ ఇంటర్వ్యూలో మాత్రం ఈ బగ్ గురించే పావుగంట మాట్లాడగలిగితే సర్టిఫికెట్ ఎవరూ అడగరు, అందుకే ఏం అనుమానించాడు, ఏ అనుమానాన్ని ఎలా కొట్టిపారేశాడు అని రెండు పేజీలు రాసి పెట్టుకోమనండి.

ఒక నెల గడువు ఇవ్వండి. అప్పటికీ ఆ కౌంట్ ఎంతో కూడా చెప్పలేకపోతే నాకు ఫోన్ చెయ్యండి, ఏ కోర్సో అప్పుడు మాట్లాడుకుందాం.