డాన్ అంటే మాఫియా నాయకుడేనా? ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది, ఏ దేశంలో ఎవరికి వాడతారు?

మాఫియా అర్థం చాలా ఆలస్యంగా వచ్చి చేరింది. మూలం లాటిన్ 'దొమినుస్', అంటే యజమాని. ఇది 'దొముస్' (ఇల్లు) నుంచి పుట్టింది. వేదాల సంస్కృతంలో 'దమ్' అన్నా ఇల్లే. మన 'దంపతులు'లో మొదటి ముక్క అదే, 'దంపతి' అంటే తొలుత గృహపతి. లాటిన్ మాటా ఇదీ ఒకే మూలభాష నుంచి వచ్చినవి. జనం వాడుకలో 'దొమినుస్' నలిగి 'దొమ్నుస్' అయింది, స్త్రీలింగం 'దొమ్న'.

స్పానిష్‌లో ఇవే దోన్, దోన్య అయ్యాయి. ఒకప్పుడు రాజవంశానికీ పెద్ద కులీనులకే ఈ గౌరవం. 1492 ఏప్రిల్‌లో కొలంబస్‌కు ఇచ్చిన హక్కుపత్రంలో, భూములు కనిపెడితే పేరు ముందు దోన్ పెట్టుకోవచ్చని విడిగా రాశారు. సెర్వాంతెస్ రాసిన స్పానిష్ నవల 'దోన్ కిహోతే' రెండో భాగంలో (1615) ఊళ్లోని చిన్న కులీనులు కథానాయకుడు లేని దోన్ తగిలించుకున్నాడని అంటున్నారని అతని సేవకుడు సాంచో వచ్చి చెబుతాడు. అది అప్పటి వాళ్లకు నిజంగానే తగవు పడాల్సిన విషయం. ఇప్పుడు పెద్దవాళ్లెవరినైనా అలా పిలవచ్చు.

భాష నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. దోన్ మన 'గారు' లాగా సొంత పేరును అంటిపెట్టుకుంటుంది. 'దోన్ లూయిస్' సరైనది, 'దోన్ లూయిస్ గార్సియా' కూడా సరే. 'దోన్ గార్సియా' తప్పు. దోన్‌ను ఇంగ్లీషు 'మిస్టర్'తో సమానం అనుకోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది. ఒక్క ఇంటిపేరే తెలిస్తే 'సెన్యోర్ గార్సియా' అనండి. వాక్యం మధ్యలో దోన్‌ను చిన్న అక్షరంతో రాయాలి, పొడి అక్షరంగా రాస్తే పెద్ద అక్షరం.

పోర్చుగీసులో లెక్క వేరు. పురుషులకు వాడే 'దొమ్' రాజులకూ బిషప్పులకూ మిగిలిపోయింది, బ్రెజిల్ చక్రవర్తులు ఇద్దరూ దొమ్ పేద్రోలే. స్త్రీలింగం 'దొన' మాత్రం వీధిలోకి దిగింది. బ్రెజిల్‌లో పక్కింటి పెద్దావిడ 'దొన మరియ', ఆమె భర్త మాత్రం 'సెవు జువావ్'. ఈ 'సెవు' వచ్చింది 'సెన్యోర్' నుంచి. ఆయన్ని దొమ్ అంటే బిషప్పును పిలిచినట్టుంటుంది.

ఇటలీలో 'దోన్' ముఖ్యంగా పాదరీలకు. మన దగ్గరి డాన్ బాస్కో బడుల పేరులో ఉన్నది ఇదే, ఆయన తూరిన్‌లో పనిచేసిన పాదరీ. దక్షిణ ఇటలీలో ఊరి పెద్దలనూ భూస్వాములనూ అలాగే పిలిచేవారు. మాఫియా పెద్దలకు ఆ గౌరవం అంటుకుంది అక్కడే, మన దాకా వచ్చింది సినిమాల వల్ల. ఇటాలియన్‌లో 'దొన్న' అంటే ఇప్పుడు మామూలుగా స్త్రీ.

ఫ్రెంచిలో 'దామ్', 'మదామ్' నిలిచాయి. పురుష రూపం దాదాపు పోయింది. 'దొమ్ పెరిన్యోన్' వంటి బెనెడిక్టిన్ (ఒక క్రైస్తవ సన్యాసి సంఘం) సన్యాసుల పేర్లలో, జాన్ ఆఫ్ ఆర్క్ పుట్టిన దొమ్రెమీ వంటి ఊరి పేర్లలో కనిపిస్తుంది. దాని చోటును 'మెస్యో' ఆక్రమించింది, అది 'పెద్దవాడు' అనే అర్థమున్న 'సెనియోర్' నుంచి వచ్చింది.

అన్నిటికన్నా ముచ్చటైనది రొమేనియన్. అక్కడ 'దొమ్న్' అంటే అయ్యగారు, పూర్వం వలాకియా, మొల్దావియా అనే పాత రాజ్యాల పాలకుల బిరుదు కూడా. దేవుడు 'దుమ్నెజెవ్', అంటే 'దొమినుస్ దేవుస్'. 'మీరు' అనడానికి వాడే 'దుమ్నెయావొవస్త్ర' అసలు 'మీ దొరతనం' అనే అర్థంలో పుట్టింది, మన 'ఏలినవారు' లాంటిదే. ఎదుట ఒక్కరే ఉన్నా క్రియ బహువచనంలో ఉండాలి.

దోన్ అంటే స్పానిష్‌లో 'కులీన మూలం గలవాడు' అనే మాటల పొడి అక్షరాలని నెట్‌లో ఒక కథ తిరుగుతోంది. నమ్మకండి. అదే నిజమైతే దోన్య ఎలా వచ్చినట్టు?