కాలనీలో ఉగాది నుంచి నవమి దాకా: ఎండ, పందిరి, పానకం లెక్కలు

భీమవరం శివారులో కొత్త లేఅవుటు, 70 ఇళ్లు, ఇంచుమించు 200 మంది. ఉగాది మొదలు శ్రీరామనవమి దాకా అందరం కలిసి ఆరుబయట ఏమేం చేసుకోవచ్చు, ఎంతెంత సామాను పడుతుంది అని అడిగారు కదండీ. తొమ్మిది రోజులూ రోజుకో కార్యక్రమం మాత్రం పెట్టుకోకండి. మూడో రోజుకే పనిచేసేవాళ్లు నలుగురు మిగులుతారు, మిగతా అందరూ చుట్టాలైపోతారు. ఉగాది పొద్దున్న గంటన్నర, మధ్యలో వచ్చే ఆదివారం సాయంత్రం పిల్లల ఆటలు, నవమి నాడు పందిట్లో కల్యాణం, భోజనాలు. ఈ మూడూ చాలు. ఓపికున్నవాళ్లకి ఒక పొద్దుటి సైకిల్ షికారు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది టైము. మార్చి నెలాఖరుకి మన దగ్గర ఆరు దాటుతూనే తెల్లారుతుంది, సాయంత్రం ఆరుంబావుకి పొద్దుగూకుతుంది. ఎనిమిదిన్నర దాటాక ఎండ కన్నా ఉక్కపోతే ఎక్కువ బాధ పెడుతుంది. చుట్టూ రొయ్యల చెరువులు, నీళ్లు పెట్టిన దాళ్వా (రెండో పంట వరి) చేలు, చెమట ఆరదు. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగితే నాలుగున్నరకి బయట నిలబడగలం. చీకటి పడగానే దోమలు దిగుతాయి. అంటే సాయంత్రం ఆటలకి దొరికేది పావు తక్కువ అయిదు నుంచి ఆరుంబావు దాకా, గంటన్నరే. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు కాబట్టి పిల్లలు ఒంటిగంటకే ఖాళీ అయిపోయి మైదానంలోకి ఉరుకుతారు. ఆ పూట వాళ్లని బయటికి వదలకుండా ఏ ఇంటి వరండాలోనో ముగ్గులూ బొమ్మలూ పెట్టుకోండి.

ఉగాది పచ్చడి సంగతి. మనిషికి 50 మిల్లీలీటర్లు అనుకుంటే 200 మందికి 10 లీటర్లు. అరకిలో కొత్త చింతపండు, 2 కిలోల బెల్లం, కిలోన్నర పుల్ల మామిడికాయలు, 40 గ్రాముల ఉప్పు, 25 గ్రాముల కారం, రెండు గుప్పిళ్ల వేపపువ్వు, 8 లీటర్ల నీళ్లు. అరటిపండు ముక్కలు, కొబ్బరి ముక్కలు మీ ఇష్టం. మామిడికాయ కొనేటప్పుడు కలెక్టర్ కాయ వద్దు, దానికి పులుపు చాలదు. చింతపండు ముందు రాత్రే నానేసి పిసకండి. బెల్లాన్ని గోరువెచ్చటి నీళ్లలో కరిగించి మల్లుగుడ్డలో వడకట్టాలి, ఇసుక రావడం ఖాయం. తెల్లగా మెరిసే బెల్లం కన్నా కాస్త ముదురు రంగుదే తీసుకోండి, ఆ తెలుపు హైడ్రోస్ అనే రసాయనం వేసి తెచ్చింది. గిన్నె స్టీలుదే వాడాలి. అల్యూమినియం గుండిగలోనో కళాయి లేని ఇత్తడి గంగాళంలోనో చింతపులుసు రెండు గంటలుంటే లోహపు రుచి దిగుతుంది.

వేపపువ్వు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఉగాది ఒక్కో ఏడు ఒక్కో తేదీకి వస్తుంది: 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. ముందుగా వచ్చిన ఏడు వేపచెట్లు ఇంకా మొగ్గ మీదే ఉండొచ్చు. అందుకని వారం ముందు నుంచే ఊళ్లో ఏ చెట్టు పూసిందో చూసి పెట్టుకోండి. తెల్లవారుజామున చెట్టు కింద దుప్పటి పరిచి కొమ్మ దులిపితే చాలు. పువ్వుని అరచేతుల మధ్య నలిపి చాటలో చెరిగితే రేకులు విడిపోతాయి, పచ్చ కాడలు పారేయండి, మరీ చేదు వాటిదే. అన్నీ కలిపి గంట ముందే ఉంచితే గిన్నె మొత్తం చేదెక్కుతుంది, పిల్లలు నాలుక మీద పెట్టి ఊసేస్తారు. పువ్వూ మామిడి ముక్కలూ పంచబోయే పావుగంట ముందు వేయండి. ఏడున్నరకి మొదలుపెట్టి తొమ్మిదికల్లా పంచేయాలి, ఈ ఉక్కలో బెల్లం చింతపులుసు మధ్యాహ్నానికి నురగ కడుతుంది. పంచాంగ శ్రవణం సాయంత్రానికి మార్చుకుంటే పొద్దున్న పెద్దలు ఎండలో కూర్చోనక్కర్లేదు.

నవమి పందిరి. షామియానా ఒక్కటీ చాలదా అంటే, భోజనాల వైపు చాలు. కల్యాణం దగ్గర రెండు గంటలు కింద కూర్చోవాలంటే ఆకు పందిరే. గుడ్డ కింద వేడి నిలిచిపోతుంది, ఆకు సందుల్లోంచి పైకి పోతుంది. కింద కూర్చునే 100 మందికి 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు సరిపోతుంది. పది అడుగులకో బాదు (గుంజ) లెక్కన 12 సరుగుడు బాదులు: మధ్య వరుస నాలుగూ 12 అడుగులవి, పక్క వరుసలు 10 అడుగులవి. అలా అయితే కప్పుకి వాలు వస్తుంది. పైన అడ్డంగా వెదుళ్లు, కొబ్బరి తాడుతో కట్లు. మండపాన్ని పొడుగు వైపు నడిమధ్యన పెట్టుకుంటే మధ్య వరుస బాదులు ఎవరికీ అడ్డు రావు. చిన్న విషయమే, కానీ పందిరి లేచాక గుర్తొస్తే చేసేదేమీ ఉండదు.

గొయ్యి లోతు మీ నేలని బట్టి. మన లేఅవుట్లన్నీ చేలని మెరక చేసి వేసినవే. పైన రెండు అడుగులు తోలిన ఇసుకో బొండుమట్టో ఉంటుంది, దాని కింద నల్లరేగడి. ఇసుకలో రెండడుగులు పాతిన బాదు ఈదురుగాలికి నిలవదు. పలుగుతో గుచ్చి చూడండి, రేగడి తగిలి అందులోకి అడుగైనా దిగాలి. లోతు తవ్వాల్సి వచ్చిన చోట బాదు ఆ మేరకు పొడుగ్గా తెప్పించుకోండి. చుట్టూ ఇటుక ముక్కలు వేసి కూరి, నాలుగు మూలలా మేకులు కొట్టి తాళ్లు బిగించాలి.

ఆకుకి 60 నుంచి 70 కొబ్బరి మట్టలు. పాలకొల్లు వైపు తోటల్లో ముందే చెప్పి ఉంచితే దింపు తీసేవాళ్లే కొట్టి ఇస్తారు. రెండు రోజుల ముందు కొట్టిన పచ్చి మట్టే తేవాలి. చూరు దగ్గర మొదలెట్టి పైకి కప్పుకుంటూ పోండి, ఆకు కొస కిందికి, ఒక్కో మట్ట కింది దాన్ని సగం కప్పేట్టు, రెండు వరుసలు. ఆ రోజుల్లో పన్నెండు గంటలకి సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు, కాబట్టి డబ్బు పక్క తడికల మీద కాక పైకప్పు మందం మీద పెట్టండి. తడిక కట్టాలంటే పడమర ఒక్క వైపే, దక్షిణం మాత్రం గాలికి వదిలేయాలి.

వంట పొయ్యిలు పందిరికి ఉత్తరాన, కనీసం 30 అడుగుల దూరంలో. గాలి దక్షిణం నుంచి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ పందిరి మీదికి రాదు. ఆకు కింద ఫోకస్ లైట్లు వద్దు, ఎల్ఈడీ సీరియల్ బల్బులే. కరెంటు ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉన్న ఇంటి బోర్డు నుంచి తీసుకోండి, వైరు అతుకులు నేల మీద వదలొద్దు. హారతి పళ్లెం పందిరి చూరు కింద ఊపొద్దని పంతులుగారికి ముందే మర్యాదగా చెప్పండి. రెండు డ్రమ్ముల నీళ్లు, రెండు బకెట్ల ఇసుక పక్కన ఉంచాలి. షామియానా వైపు ఒక అంచు అడుగున్నర కిందికి దించి కట్టించండి. అకాల వర్షం పడితే నీళ్లు గుడ్డ మధ్యలో కుంటలా నిలిచి మొత్తం కూలేది ఆ వాలు లేకపోవడం వల్లే.

నవమి నాడు పంతులుగారు దొరకడం కష్టం. అందరికీ కల్యాణం అభిజిత్ లగ్నంలోనే, పన్నెండు గంటల ప్రాంతంలోనే కావాలి, ఆయన ఒక్కడే నాలుగు పందిళ్లు తిరగాలి. నెల ముందు మాట తీసుకోండి. తిథి కూడా ఆయన్నే అడిగి ఖాయం చేసుకోండి. క్యాలెండర్లలో ఒక రోజు తేడా వచ్చే ఏళ్లు ఉంటాయి.

పానకం: గ్లాసుకి 150 మిల్లీలీటర్ల చొప్పున 30 లీటర్లు. 5 కిలోల బెల్లం, 60 గ్రాముల మిరియాలు, 30 గ్రాముల యాలకులు, 30 గ్రాముల శొంఠి, చిటికెడు ఉప్పు, నాలుగు తులసి రెమ్మలు. మిరియాలు కచ్చాపచ్చాగా దంచితే చాలు, కానీ అవి అడుక్కి దిగిపోతాయి. కలపకుండా పోస్తూ పోతే మొదటి వందమందికి తీపి నీళ్లు, చివరి ఇరవైమందికి గొంతు మంట. ప్రతి చెంబుకీ గరిటె అడుగుదాకా తిప్పాల్సిందే. చల్లదనానికి ఐసు దిమ్మ పగలగొట్టి పానకంలో వేయడం ఇక్కడ మామూలే, దయచేసి ఆ పని చేయకండి. మన ఐసు ఫ్యాక్టరీల్లో దిమ్మలు చేసేది చేపలకీ రొయ్యలకీ, తాగేందుకు కాదు. నీళ్ల డబ్బాలని తొట్టిలో పెట్టి చుట్టూ ఐసు వేసుకోండి, లేదా కుండలు. కొత్త కుండని ఒక పగలూ రాత్రీ నీళ్లతో నింపి ఉంచకపోతే పానకం మట్టివాసన కొడుతుంది. పైన తడిగుడ్డ కప్పకపోతే ఈగలూ కందిరీగలూ ముసురుతాయి.

వడపప్పుకి 4 కిలోల పెసరపప్పు, గంటన్నర నుంచి రెండు గంటలు నానితే చాలు. రాత్రంతా నానేస్తే జిగురొచ్చి పులిసిన వాసన వేస్తుంది. నీళ్లు పూర్తిగా ఓడ్చి ఉంచి, ఉప్పూ కొబ్బరికోరూ మామిడి తురుమూ పంచే ముందే కలపండి, ఉప్పు ముందు పడితే నీరు ఊరుతుంది. పులిహోర పొద్దున్న కలిపినా ఆగుతుంది. దద్దోజనం ఆగదు. గోరువెచ్చటి అన్నంలో ముందు పాలు పోసి మెదిపి, పెరుగు కొద్దిగానే కలిపితే వడ్డించేటప్పటికి సరిగ్గా తోడుకుని ఉంటుంది. ప్లాస్టిక్ గ్లాసులు, థర్మాకోల్ ప్లేట్లు 2022 జులై 1 నుంచి నిషేధం. అడ్డాకు విస్తళ్లో అరిటాకులో చాలు, గ్లాసులు స్టీలువి అద్దెకి తెచ్చుకోండి.

మైకు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా చాలు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా చట్టప్రకారమే కుదరదు, నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెల్స్. అదీకాక ఆ రోజుల్లో పదో తరగతి పరీక్షలు నడుస్తుంటాయి. చదువుకునే పిల్లాడున్న ఇల్లు ఏదో కనుక్కుని స్పీకరు అటు తిప్పకండి. పోలీస్ స్టేషన్లో కాగితం ముందే ఇచ్చేయండి.

ఆటల్లో సంచి పరుగు, నిమ్మకాయ చెంచా, కుర్చీలాట ఎలాగూ ఉంటాయి. తాడు లాగుడుకి నైలాన్ తాడు తేవొద్దు, చేతులు కాలిపోతాయి. అంగుళం మందం నూలు తాడో జనపనార తాడో కావాలి. తాడుని చేతికి గానీ నడుముకి గానీ చుట్టుకోనివ్వకండి. మైదానంలో ముందు రోజు నలుగురు వరుసగా నడిచి గాజుముక్కలూ ఇనప ఊచలూ ఏరాలి, ఇళ్లు కడుతున్న లేఅవుట్లో అవి లేకుండా ఉండవు.

సైకిల్ షికారుకి 10, 12 కిలోమీటర్లు చాలు, ఆరింటికి బయల్దేరి ఏడున్నరకి ఇంటికి. కాలువగట్టు దారి బాగుంటుంది, డ్రెయిను గట్టు వాసన. గట్టుకి రెయిలింగు ఉండదు కాబట్టి పదేళ్ల లోపు పిల్లలు వద్దు, ముందొక పెద్ద మనిషి, చివర ఒకరు. తెల్లవారుజామున చేపల లారీలు నీళ్లు కారుస్తూ పోతాయి, మలుపుల్లో రోడ్డు జారుతుంది. నవమి ఏప్రిల్లోకి జరిగిన ఏడు దాళ్వా కోతలు మొదలై రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంచుతారు. ధాన్యం మీద బ్రేకు వేస్తే పడ్డట్టే. గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లకి పంక్చర్లు తప్పవు, గాలి పంపు, అతుకుల పెట్టె, 15వ నంబరు స్పానరు ఒకరి సంచిలో ఉండాలి. పిట్టల సరదా ఉంటే రైల్లో కైకలూరు దిగి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లండి, గూడబాతుల్ని (పెలికాన్లని) దగ్గరగా చూడొచ్చు. నవమి దాకా ఆగొద్దు, ఎంత ముందు వెళితే అంత మంచిది, వలస పిట్టలు మార్చిలోనే తిరుగుముఖం పడతాయి.

డబ్బు వసూలు విషయంలో ఇంటికింత అని తక్కువ మొత్తం పెట్టి, బియ్యం ఒకరు, బెల్లం ఒకరు, మట్టలు ఒకరు అని వస్తురూపంలో అడగండి. మనవాళ్లు డబ్బు కన్నా బస్తా తేలిగ్గా ఇస్తారు. లెక్క మర్నాడే వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. పందిరి మూడు రోజుల్లో విప్పేయాలి, ఎండిన మట్ట అగ్గిపుల్లకి అంటుకుంటుంది. తాగి పడేసిన బొండాల్లో నీళ్లు నిలిస్తే దోమలు పుడతాయి, చీల్చి బోర్లించండి. బాదులు పీకిన గోతుల్ని అదే పూట పూడ్చి తొక్కించండి.