లోకల్ రైలు నేల కింద ఏముంది?
పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా లైన్‌లో పాత ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్) రేక్, అంటే పెట్టెల వరుస, ఒకటి కొత్త రంగులు, కొత్త సీట్లతో తిరిగొచ్చింది. పరుగు మాత్రం పాతదే. బాగుచేయడమంటే అసలేం చేస్తారు?
- ఒక పాఠకురాలు, బేగంపేట

జవాబు: పెట్టెను బాగుచేయడం ఒక పని, పరుగు పెంచడం వేరే పని. మీ రేక్‌కు మొదటిదే జరిగింది. మన రైల్వేలో ఈఎంయూ (కరెంటు లోకల్ రైలు) కోచ్‌కు లెక్కగట్టిన ఆయుష్షు 25 ఏళ్లు. 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ మొదలైననాటి పెట్టె ఏదైనా ఇంకా తిరుగుతుంటే 2028తో దాని గడువు తీరుతుంది. సగం వయసులో, 12, 13 ఏళ్లప్పుడు, దాన్ని పూర్తిగా విప్పి చేసేదే మిడ్‌లైఫ్ రీహాబిలిటేషన్. ఏడాదిన్నరకో రెండేళ్లకో వర్క్‌షాపులో జరిగే మామూలు ఓవర్‌హాలింగ్ దీనికి సాటిరాదు.

అసలు పని నేల దగ్గర మొదలవుతుంది. సీట్లు, పక్క ప్యానెళ్లు ఊడదీశాక 2 మి.మీ. పీవీసీ షీటు లేపుతారు. దాని కింద 12 మి.మీ. కంప్రెగ్ (గట్టిగా ఒత్తి చేసిన చెక్క) బోర్డులు, వాటి కింద మడతలు మడతలుగా ఉండే రేకు. లోకల్ రైలు తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి కనుక వాన జల్లు గుమ్మం దగ్గర బోర్డుల కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. అందుకే తుప్పు ముందుగా పట్టేది గుమ్మాల కింద, కిటికీ గట్టు కింద, పక్కగోడ నేలతో కలిసే వంపులో. అక్కణ్నుంచి సోల్‌బార్‌కు, అంటే పెట్టె పొడవునా రెండు పక్కలా సాగే దూలానికి పాకుతుంది. సుత్తితో తట్టి చూస్తారు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట అల్ట్రాసోనిక్ గేజితో మందం కొలుస్తారు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, రంధ్రం ఉన్నంత మేరే కోసి అతుకు వేయడం. రంధ్రం చుట్టూ రేకు పలచబడే ఉంటుంది. దాని మీద వెల్డింగ్ నిలవదు, కొన్నాళ్లకే అతుకు పక్కనే పగులుతుంది. గట్టి లోహం తగిలేదాకా కోయాల్సిందే. రెండో పొరపాటు సోల్‌బార్‌ను ఆసరా లేకుండా కోయడం. పెట్టె చట్రాన్ని తయారీలోనే నడుమ కొద్దిగా పైకి వంచి పెడతారు, దీన్నే క్యాంబర్ అంటారు. కింద జాకీలు పెట్టకుండా దూలం కోస్తే ఆ వంపు దిగిపోతుంది. తర్వాత ఎన్ని తలుపులు మార్చినా బిగుసుకుంటూనే ఉంటాయి. అందుకే ఒకసారి ఒక పక్క, అదీ ముక్కలు ముక్కలుగా కోసి అతుకుతారు. పనికి ముందూ వెనకా క్యాంబర్ కొలిచి రాసుకుంటారు. ఆపైన ఎపాక్సీ ప్రైమర్. అది పూర్తిగా ఆరాకే బోర్డులు పరచాలి, కోసిన బోర్డు అంచులకు సీలెంట్ పూయాలి. ఈ చివరి పని కళ్లకు కనబడదు కాబట్టి తొందరలో వదిలేసేదీ అదే.

వైరింగ్ మార్పు, ఎల్ఈడీ దీపాలు, సీసీటీవీ కూడా ఈ దశలోనే వస్తాయి. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ పాతవే ఉంటే పరుగు మారదు.

ప్రశ్న: అదే రైలు మధ్యాహ్నం దూకుతుంది, సాయంత్రం ఈడుస్తుంది. డ్రైవర్ తేడానా?
- ఒక పాఠకుడు, లింగంపల్లి

జవాబు: డ్రైవర్‌ది కాదు, బరువుది. ముంబయిలో నడిచే 12 పెట్టెల రేక్ లెక్క తీసుకుందాం. అందులో 4 మోటార్ కోచ్‌లు, అంటే రైలును లాగే పెట్టెలు, ఒక్కోదానికి 4 మోటార్లు. పాత 25 కేవీ ఈఎంయూల్లో ఉండే బీహెచ్‌ఈఎల్ డీసీ మోటారు 167 కిలోవాట్లది. మొత్తం 16 మోటార్లకు 2,672 కిలోవాట్లు. ఖాళీ రేక్ 500 టన్నులు, కిక్కిరిసినప్పుడు 800 టన్నులు అనుకోండి. గంటకు 40 కి.మీ. వేగం దగ్గర ఈ శక్తితో వచ్చే లాగుడు దాదాపు 240 కిలోన్యూటన్లు. ఖాళీ రైలుకు దాంతో సెకనుకు సెకనుకు 0.48 మీటర్ల త్వరణం, నిండు రైలుకు 0.30. గంటకు 80 కి.మీ. దగ్గర రెండూ సగమవుతాయి. నష్టాలు, గాలి అడ్డు ఇందులో కలపలేదు. బయలుదేరేటప్పుడు మోటార్లు కాసేపు ఇంతకంటే ఎక్కువే ఇవ్వగలవు కాబట్టి మొదటి దూకుడు మీకు బాగానే అనిపిస్తుంది. తేడా తెలిసేది 40 దాటాకే.

నాలుగు మోటార్ కోచ్‌లలో ఒకటి పాడై దాన్ని కట్ చేసి నడిపితే శక్తిలో నాలుగో వంతు పోతుంది. ఆ రోజు రైలు ప్రతి స్టేషన్‌కూ కొన్ని సెకన్ల చొప్పున వెనకబడుతుంది.

ప్రశ్న: మా షెడ్డులో మూడు ఫేజుల మోటార్ కోచ్ ఒకదాంట్లో ఎప్పుడూ ఒకే మోటారు వేడి చూపిస్తోంది. మోటారు మార్చినా అదే కథ. ఎక్కడ చూడాలి?
- ఒక టెక్నీషియన్

జవాబు: మోటారు మార్చినా కథ మారలేదంటే దోషం మోటారుది కాకపోవచ్చు. ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టండి. ఆ మోటారు టెంపరేచర్ సెన్సార్ తీగలను పక్క మోటారు తీగలతో మార్చి కలపండి. స్క్రీన్ మీద వేడి పక్క మోటారు పేరిట కనబడితే మోటారు నిజంగానే వేడెక్కుతోంది. పాత పేరిటే నిలిస్తే లోపం కొలిచే కార్డులో ఉంది. పక్క సెన్సార్ కలిపినా పాత అంకె మారలేదు కదా! మార్చినట్టు కాగితం మీద రాసి అతికించండి, షిఫ్టు మారాక తీగలు అలాగే ఉండిపోతుంటాయి.

తర్వాత గాలి. దుమ్ము, బ్రేక్ పొడి ఫిల్టర్‌ను మూసేస్తాయి, అది తెలిసిందే. తెలియనిది బ్లోయర్ తిరిగే దిక్కు. బ్లోయర్ మోటారు విప్పి బిగించేటప్పుడు రెండు ఫేజులు తారుమారైతే అది ఎదురు తిరుగుతుంది. సెంట్రిఫ్యుగల్ బ్లోయర్ ఎదురు తిరిగినా గాలి వచ్చేది అదే దారిలోనే, కాకపోతే బాగా తక్కువగా. చెయ్యి అడ్డుపెట్టి గాలి వస్తోందిలే అనుకుంటే మోసపోతారు. కవరు మీది బాణం గుర్తుతో పోల్చి చూడండి.

ఈ రెండూ సరిగ్గా ఉంటే చక్రాల వ్యాసం కొలవండి. ఒకే ఇన్వర్టర్ (మోటార్లకు మూడు ఫేజుల కరెంటు తయారుచేసే పరికరం) ఒకటికి మించి మోటార్లకు కరెంటిస్తుంటే ఇదే అసలు అనుమానితుడు. ఇన్వర్టర్ అన్నిటికీ ఒకే ఫ్రీక్వెన్సీ ఇస్తుంది. ఇండక్షన్ మోటారు లాగే బలం దాని స్లిప్‌ను బట్టి, అంటే ఆ ఫ్రీక్వెన్సీ వేగం కంటే లోపల తిరిగే రోటర్ ఎంత వెనకబడిందన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆ స్లిప్ నిండు లోడులో 1 శాతం అనుకుందాం. కొత్త చక్రం 952 మి.మీ., అందులో 1 శాతం 9.5 మి.మీ. అంటే రెండు ఇరుసుల మధ్య 5 మి.మీ. తేడా ఉంటే అది అరశాతం, స్లిప్‌లో సగం. పెద్ద చక్రం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి దాని మోటారు స్లిప్ 1.26 శాతానికి పెరుగుతుంది, చిన్నదానిది 0.74కు తగ్గుతుంది. లాగుడులో ఒకటి 126 పాళ్లు, మరొకటి 74 పాళ్లు. రోటర్‌లో పుట్టే వేడి స్లిప్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది దాదాపు మూడు రెట్ల తేడా. బ్రేకు వేసినప్పుడు ఇది తిరగబడి చిన్న చక్రం మోటారు మీద భారం పడుతుంది. మీ మోటారు లాగేటప్పుడు వేడెక్కుతోందా, బ్రేకులోనా అని లాగ్‌లో చూస్తే ఏ చక్రం పెద్దదో కొలవకముందే చెప్పొచ్చు.

చక్రాన్ని 120 డిగ్రీల దూరంలో మూడుచోట్ల, ప్రతిసారీ లోపలి ముఖం నుంచి ఒకే దూరంలో కొలిచి సగటు తీయండి. పిట్ లేత్ (పట్టాల కింద గోతిలో ఉండే చక్రాలు చెక్కే యంత్రం) ఉంటే ఇరుసు దించకుండానే చెక్కించవచ్చు. పెద్దవాటిని చిన్నదానికి సమం చేయాలి తప్ప వేరే దారి లేదు. చెక్కాక కొత్త వ్యాసాన్ని కంట్రోల్ కంప్యూటర్‌లో ఎక్కించడం మరిచిపోవద్దు. మరిచిపోతే వేగం అంకె, చక్రం జారుడు లెక్క రెండూ తప్పుతాయి, పది రోజుల్లో ఇంకో ఫిర్యాదు పుస్తకంలోకి ఎక్కుతుంది.

(మాటవరసకు: మనం ‘బోగీ’ అంటే మనుషులెక్కే పెట్టె. రైల్వేవాళ్లకు బోగీ అంటే పెట్టె కింద చక్రాలు, మోటార్లు మోసే చట్రం. షెడ్డులో “బోగీ దించాం” అంటే పెట్టెను కాదు.)

ప్రశ్న: ఒకచోటికి రాగానే లైట్లు, ఫ్యాన్లు ఆరిపోయి మళ్లీ వెలుగుతాయి. ఇది లోపమేనా?
- ఒక విద్యార్థిని, మల్కాజిగిరి

జవాబు: కాదు. అక్కడ పై తీగలో న్యూట్రల్ సెక్షన్ ఉంటుంది. రెండు సబ్‌స్టేషన్ల కరెంటు వేర్వేరు ఫేజులది, అవి కలిస్తే షార్ట్ అవుతుంది కనుక మధ్యలో కరెంటు లేని ముక్క పెడతారు. పీటీఎఫ్‌ఈ (కరెంటు పారని ఒక ప్లాస్టిక్) రకమైతే ఆ ముక్క 5 మీటర్ల లోపే. దానికి 500 మీటర్ల ముందొకటి, 250 మీటర్ల ముందొకటి హెచ్చరిక బోర్డులు ఉంటాయి. తర్వాత సర్క్యూట్ బ్రేకర్ తెరవమనే బోర్డు. ఐదు మీటర్లకు అంతసేపు చీకటేమిటంటారా? లోకల్ రైలుకు ప్రతి మోటార్ కోచ్ మీదా పై తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ ఒకటి ఉంటుంది, చివరిది కూడా దాటాకే బ్రేకర్ మూయాలి. దాదాపు 250 మీటర్ల రేక్ గంటకు 60 కి.మీ. మీద వెళ్తే అదే 15 సెకన్లు. అప్పుడు వెలిగే ఒకటి రెండు దీపాలు 110 వోల్టుల బ్యాటరీవి. అవీ ఆరిపోతే అప్పుడు బ్యాటరీ లోపమే, గార్డుకు చెప్పండి.

ప్రశ్న: కొత్త రేక్ కదిలేటప్పుడు పాట పాడినట్టు కూత వస్తుంది, ఎందుకు?
- ఒక పాఠకుడు, నాంపల్లి

జవాబు: ఇన్వర్టర్‌లోని ఐజీబీటీలు, అంటే ఎలక్ట్రానిక్ స్విచ్చులు, సెకనుకు వందల సార్లు కరెంటును తెంపి కలుపుతుంటాయి. ఆ తెంపులకు మోటారు ఇనుము కంపిస్తుంది. వేగం పెరిగేకొద్దీ తెంపే పద్ధతి మారుతుంది, అందుకే స్వరం మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. గేర్లు మార్చినట్టు అనిపించినా గేరు ఒక్కటే.

ప్రశ్న: పాత పెట్టెలకే కొత్త మోటార్లు, ఇన్వర్టర్లు పెట్టేస్తే డబ్బు మిగలదా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పెట్టెకు ఇంకెన్నేళ్లు ఉన్నాయన్నదే మొదటి ప్రశ్న. లాభం మాత్రం పెద్దదే. 800 టన్నుల రైలు గంటకు 72 కి.మీ. వేగంలో ఉంటే దాని గతిశక్తి 160 మెగాజౌళ్లు, అంటే 44 యూనిట్ల కరెంటు. పాత రేక్‌లో అదంతా బ్రేకు దిమ్మెల్లో వేడిగా కాలిపోతుంది. మూడు ఫేజుల రేక్‌లో మోటార్లే జనరేటర్లై కొంత తీగలోకి తిరిగి పంపుతాయి. కొంతే ఎందుకంటే మూడింట ఒక వంతు ఇరుసులకే మోటార్లుంటాయి. మిగిలిన బ్రేకు గాలిది. ఆగే ముందు చివరి కొన్ని మీటర్లు కూడా గాలిదే. అయినా ముంబయి అనుభవంలో 30 నుంచి 35 శాతం దాకా ఆదా అని లెక్క. పాత 1500 వోల్టుల డీసీలో ఈ సౌలభ్యం సగమే. డయోడ్ రెక్టిఫయర్ సబ్‌స్టేషన్ కరెంటును వెనక్కి తీసుకోదు, దగ్గర్లో ఇంకో రైలు లాగుతుంటేనే వాడకం. 1925 ఫిబ్రవరి 3న అక్కడ మొదలైన డీసీ, 2016 ఏప్రిల్‌లో హార్బర్ లైన్‌తో ముగిసింది. 25 కేవీ ఏసీలో మిగిలింది గ్రిడ్‌కు పోతుంది.

అయితే లండన్ శివారు రైళ్ల కథ చూడండి. 1980ల తొలినాళ్ల క్లాస్ 455 రేక్‌లు అక్కడ ఒక సంస్థ దగ్గరే 91. వాటి డీసీ మోటార్లు తీసేసి ఏసీ పరికరాలు పెట్టేందుకు 2013లో ఒప్పందం చేశారు. పని ఒక కొలిక్కి వచ్చేసరికి 2017లో అక్కడ నిర్వాహకులు మారారు, వాటి స్థానంలో కొత్త రైళ్లకు ఆర్డరిచ్చారు. ఆ కొత్తవి ఆలస్యమై 2024 జనవరిలో గానీ పట్టాలెక్కలేదు కనుక పాతవి ఇంకొన్నేళ్లు ఉపయోగపడ్డాయి, అదొక అదృష్టం. నా అభిప్రాయం: 15 ఏళ్లు దాటిన పెట్టెకు మోటార్లు మార్చడం దండగ, 10 ఏళ్ల లోపుదైతే ఆలోచించవచ్చు. పరికరాల కోసం విదేశాల వైపు చూసే రోజులూ పోయాయి. 2018లో చెన్నై ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం) తయారుచేసిన ట్రెయిన్-18కు, అంటే తర్వాతి వందేభారత్‌కు, ప్రొపల్షన్ (మోటార్లను నడిపే పరికరాలు) ఇచ్చింది హైదరాబాద్ మేధా సర్వో డ్రైవ్స్.

ప్రశ్న: తెరిచి ఉండే పాత లోకల్‌కు ఆటోమేటిక్ తలుపులు బిగిస్తే చాలదా?
- ఒక పాఠకురాలు, థానే

జవాబు: 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర వంపులో రైళ్ల నుంచి జారిపడి ప్రాణాలు పోయాక రైల్వే ప్రకటించినదీ ఇదే, కానీ తలుపు ఒక్కటే కాదు. ఎయిర్ కండిషనింగ్ లేని పెట్టెలో తలుపు మూస్తే ఊపిరాడదు. అందుకే తలుపుకు గాలి చీలికలు, పైకప్పు మీద బయటి గాలి తోసే యూనిట్లు, పెట్టె నుంచి పెట్టెకు నడవడానికి దారి, ఈ మూడూ కలిపి చెప్పారు.

పాత పెట్టెలో చేయాలంటే చిక్కు వైరింగ్‌లో వస్తుంది. తలుపులన్నీ మూసుకున్నాయని చెప్పే స్విచ్చులు ఒకే వరుసలో ఉంటాయి. ఒక్క స్విచ్చు కలవకపోయినా మోటార్లకు కరెంటు వెళ్లదు, రేక్ మొత్తం ఆగుతుంది. గుమ్మం చట్రం మూడు మిల్లీమీటర్లు వంగినా ఆ స్విచ్చు ఒకరోజు కలుస్తుంది, మర్నాడు కలవదు. అలాంటి తలుపును తాళంచెవితో విడదీసి, మూసి ఉంచి రైలును కదిలించడానికి ఎవరో ఒకరు ఆ జనంలోంచి దాని దాకా నడిచి వెళ్లాలి. వెనక రైళ్లు అంతసేపూ సిగ్నళ్ల దగ్గర నిలబడి ఉంటాయి.