హెచ్‌ఆర్ ఇంటర్వ్యూ: ‘మనుషులంటే ఇష్టం’ అంటే సరిపోదు

ప్రశ్న: ఎంబీఏ హెచ్‌ఆర్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. రెండు ఇంటర్వ్యూల్లో మొదటి రౌండ్ దాటాను, రెండో రౌండ్‌లో పోయింది. ‘హెచ్‌ఆరే ఎందుకు?’ అని అడిగితే మనుషులతో పనిచేయడం ఇష్టమని చెప్పాను. పది రోజుల్లో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఎలా తయారవ్వాలి?

జవాబు: మీ జవాబులో తప్పు లేదు. కానీ సేల్స్‌లో చేరేవారూ, టీచర్ కాబోయేవారూ అదే మాట చెప్పగలరు. హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు ఉద్యోగి మేలూ సంస్థ అవసరమూ రెండూ చూడాలి. ఎవరికీ నచ్చని నిర్ణయమైనా సరే, అందరికీ ఒకే కొలతతో అమలు చేయాలి. రెండో రౌండ్‌లో మిమ్మల్ని పరీక్షించేది ఇక్కడే. ‘ఎందుకు హెచ్‌ఆర్?’ అన్నదానికి కూడా ఇలాంటి పని మీరు నిజంగా చేసిన ఒక సందర్భం చెప్పండి. క్లాసులో ప్రాజెక్ట్ బృందాలు విడగొట్టేటప్పుడు వచ్చిన గొడవను మీరు తీర్చిన సందర్భమైనా పనికొస్తుంది.

ముందుగా ఉద్యోగ ప్రకటన ప్రింట్ తీసి, చేయాల్సిన పనులు చెప్పే మాటలన్నిటి కింద గీత గీయండి. సోర్సింగ్ (అభ్యర్థులను వెతకడం), స్క్రీనింగ్ (దరఖాస్తులు వడపోయడం) ఎక్కువ కనిపిస్తే, పోస్టు పేరు ఏదైనా అది రిక్రూటర్ పని. హాజరు, సెలవులు, పేరోల్ ఇన్‌పుట్స్ (జీతాల లెక్కకు కావాల్సిన వివరాలు) ఉంటే ఆపరేషన్స్, అంటే హెచ్‌ఆర్ రోజువారీ పని. చాలామంది ఈ తేడా చూసుకోకుండా ఒకే తయారీతో వెళ్తారు. ఆపరేషన్స్ పోస్టుకు వచ్చి శిక్షణ సిద్ధాంతాలు చెబితే, ఈ పని వద్దనుకుంటున్నారేమో అనిపిస్తుంది.

తర్వాత లెక్కలు. నిర్వచనాలు బట్టీపట్టకుండా కాగితం మీద చేసి చూడండి. ఏడాది మొదట్లో 240 మంది, చివర్లో 260 మంది ఉన్నారు, మధ్యలో 20 మంది మానేశారు అనుకుందాం. సగటు 250. 20ని 250తో భాగించి 100తో గుణిస్తే అట్రిషన్, అంటే మానేసినవారి రేటు, 8 శాతం. ఇంతవరకు అందరూ చెబుతారు, అసలు ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది: ‘అయితే ఏం చేస్తారు?’ వెంటనే ‘జీతాలు పెంచాలి’ అనకండి. మానేసిన 20 మందిని ఎన్నాళ్లు పనిచేశారు, ఏ బృందం, ఏ మేనేజర్ అని విడగొట్టి చూస్తానని చెప్పండి. అందులో 14 మంది మొదటి 90 రోజుల్లోనే వెళ్లిపోయి ఉంటే, ఇంటర్వ్యూలో చెప్పిన పనికీ చేరాక ఇచ్చిన పనికీ పొంతన ఉందా, మొదటి వారాల్లో వాళ్లను ఎవరు చూసుకున్నారు అని ముందు వెతకాలి. 14 మందీ ఒకే మేనేజర్ కింద ఉంటే దారి వేరు.

అలాగే, ‘టైమ్ టు ఫిల్’, ‘టైమ్ టు హైర్’ ఒకటి కావు. సాధారణంగా మొదటిది ఖాళీకి అనుమతి వచ్చిన రోజు నుంచి, రెండోది అభ్యర్థి మన ప్రక్రియలోకి వచ్చిన రోజు నుంచి లెక్క. రెండూ ఆఫర్ ఒప్పుకున్న రోజుతో ముగుస్తాయి. ఎక్సెల్‌లో వీలుకప్ (ఒక పట్టికలోని వివరాన్ని వెతికి తెచ్చే ఫార్ములా), పైవట్ టేబుల్ (వివరాలను గుంపులుగా లెక్కగట్టి చూపే పట్టిక) చేతికి అలవాటయ్యేలా రోజూ అరగంట కూర్చోండి. కొన్నిచోట్ల ల్యాప్‌టాప్ ముందు పెట్టి చేయమంటారు.

సందర్భ ప్రశ్నలకు మాత్రం ఎక్కువ రోజులు కేటాయించండి. ఎక్కువ మంది పోయేది ఇక్కడే. తరచూ అడిగేది ఇలా ఉంటుంది: ‘ఒక ఉద్యోగి వచ్చి, మీకొక విషయం చెబుతాను, ఎవరికీ చెప్పనని మాటివ్వండి అంటే?’ మంచి మనసుతో ‘తప్పకుండా, చెప్పను’ అనేస్తారు. ఆ తర్వాత ఆ ఉద్యోగి చెప్పింది వేధింపుల సంగతైతే? పైకి చెప్పకపోతే బాధితులకు రక్షణ ఉండదు, చెబితే మాట తప్పినట్టు. అందుకే విషయం వినకముందే హద్దు చెప్పాలి: ‘అవసరం లేనివారికి ఒక్క మాటా చెప్పను. కానీ ఎవరి భద్రతకైనా ముప్పు ఉన్నా, వేధింపులైనా సంబంధిత అధికారులకు చెప్పక తప్పదు. ఎవరికి చెబుతానో ముందు మీకు చెప్పి చేస్తాను.’ ఇది ఇంట్లో పైకి నాలుగైదుసార్లు అని చూడండి. మనసులో అనుకున్నప్పుడు సులువుగా ఉంటుంది, నోటితో అంటే కఠినంగా వస్తుంది. గొంతు మెత్తబడేదాకా అనండి.

ఇద్దరి మధ్య గొడవ అంటే ‘ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతాను’ అనడం ఇంకో పొరపాటు. ముందు విడివిడిగా వినాలి, తేదీలతో రాసుకోవాలి, సాక్ష్యం చూడాలి. ఫిర్యాదు వేధింపులదైతే ఎదురెదురుగా కూర్చోబెట్టడమే హాని.

‘అభ్యర్థిని ఎలా ఎంచుకుంటారు?’ అంటే ‘చూడగానే తెలుస్తుంది’ అనే ధోరణి పనికిరాదు. అందరికీ ఒకే ప్రశ్నలు, ముందే రాసుకున్న మార్కుల కొలత ఉండే స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ గురించి చెప్పండి. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ పాత పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు, పని తీరును ముందే అంచనా వేయడంలో (1 అంటే అంచనా పూర్తిగా సరిపోయినట్టు, 0 అంటే సంబంధమే లేనట్టు) దీనికి 0.51, ఇష్టమొచ్చినట్టు సాగే ఇంటర్వ్యూకి 0.38 వచ్చింది. 2022లో పాల్ సాకెట్ బృందం లెక్కలు సరిచేస్తే 0.42, 0.19 అయ్యాయి. అంకెలు తగ్గాయి, తేడా మాత్రం పెరిగింది. అంకెలు అప్పజెప్పక్కర్లేదు, కారణం తెలిస్తే చాలు: ఒకే గీటురాయి లేకపోతే ఇద్దరు అభ్యర్థులను పోల్చలేం.

మీ ఇంటర్న్‌షిప్ గురించి రెండు నిమిషాల జవాబు రాసుకోండి. పరిస్థితికి 20 సెకన్లు, మీకు అప్పగించిన పనికి 20, మీరు చేసినదానికి నిమిషం, ఫలితానికి 20. ఫోన్‌లో రికార్డ్ చేసి విని, ‘మేము’ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. వినయంతో అన్నా సరే, ‘మేము’ ఎక్కువైతే అందులో మీ వాటా ఎంతో తెలియదు.

పని గంటలు, సెలవులు, వేతనం, వేధింపుల నివారణ చట్టాల్లో ఆ సంస్థకు వర్తించేవి చదివి వెళ్లండి. అయినా తెలియని సెక్షన్ అడిగితే ఊహించి చెప్పకండి. ‘ఇది నాకు ఖాయంగా తెలియదు. చట్టం తాజా పాఠం చూసి, సంస్థ పాలసీతో పోల్చి, లీగల్ వాళ్లను అడిగాకే ఉద్యోగికి జవాబిస్తాను’ అనండి. ఆఖర్న మీరు అడగడానికి ఒక ప్రశ్న ఉంచుకోండి: ‘ఇక్కడ ఒక హెచ్‌ఆర్ ఎంతమంది ఉద్యోగులను చూసుకుంటారు?’ వాళ్లు చెప్పే సంఖ్యను బట్టి చేరాక మీ రోజు ఎలా ఉంటుందో మీకే తెలిసిపోతుంది.