పైన వేయాలా, పక్కన వేయాలా

చిరంజీవి అబ్బాయికి, నెల్లూరు నుంచి మీ మేనత్త ఆశీస్సులు.

గదులు చాలడం లేదు, మేడ వేసేస్తానన్నావు ఫోన్‌లో. మేస్త్రి వచ్చి కొలతలు తీసుకున్నాడని కూడా చెప్పావు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. గోడలు కొలిచారు సరే, పునాది ఎవరైనా చూశారా?

అన్నయ్య ఆ ఇల్లు కట్టేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. దానికి పిల్లర్లు లేవు. తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే స్లాబ్ వేశారు. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న అలాంటి గోడ ఒక్కటే దాదాపు నాలుగు టన్నులు తూగుతుంది. పన్నెండుకు పన్నెండు గది మీద నాలుగంగుళాల స్లాబ్ అంటే మూడు టన్నుల పైమాటే. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఇంకో టన్ను. ఒక్క అంతస్తుకని తవ్విన పునాది ఇదంతా మోయాలి. పైగా మీ టంగుటూరు ఉన్న ఒంగోలు ప్రాంతానికి భూకంపం కొత్త కాదు. 1967 మార్చి 27న వచ్చింది 5.4 తీవ్రతతో. ఇంజినీరు చూసి సరేననకుండా ఆ గోడల మీద ఒక్క ఇటుక కూడా పెట్టించవద్దు.

ముందుగా, గోడ పక్కన ఒకచోట చిన్న గుంట తవ్వించి, పునాది ఎంత లోతుందో, ఎంత వెడల్పుందో చూడండి. చూశాక మట్టి కప్పి గట్టిగా దిమ్మిస కొట్టించు.

పక్కన వేసుకోవడమే మంచిదని నాకనిపిస్తోంది. అన్నయ్య, వదిన ఇప్పుడే మోకాళ్ళ నొప్పులతో అవస్థ పడుతున్నారు. పిల్లల కోసం మేడ వేసినా, మనవల దగ్గరికి వాళ్ళు ఎక్కలేరు.

అయితే పక్కన వేయడం తేలికని అనుకోకు. మీ ఇల్లూ, అక్కడి మా పాత ఇల్లూ అదే టంగుటూరు నల్లరేగడి నేల. మేము వెనక గది వేసినప్పుడు పాత గోడలో అక్కడక్కడ ఇటుకలు తీసి, పళ్ళు కొట్టి, కొత్త గోడను కలిపేశాం. మేస్త్రి అలాగే గట్టిగా ఉంటుందన్నాడు, మేమూ నమ్మాం. మొదటి ఎండాకాలం రాగానే రెండు గోడలూ కలిసే చోట పైనుంచి కిందిదాకా పగులు, వేలు దూరేంత. ఎన్నిసార్లు సిమెంటు పూసినా మళ్ళీ విచ్చుకునేది. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పాత గోడ ఎప్పుడో కుదురుకుంది, కొత్తది ఇంకా దిగుతూ ఉంటుంది. రెంటినీ కట్టేస్తే ఒకదాన్నొకటి లాగుతాయి. అందుకే కొత్త గదికి దాని పునాది, దాని పిల్లర్లు వేరుగా ఉండాలి. రెంటి మధ్య అంగుళం సందు వదిలి, పైన నీళ్ళు దిగకుండా మూయించు. పునాది లోతు ఇంజినీరే చెప్పాలి. ఎండకు నేల నెర్రెలిచ్చే లోతు దాటి కిందికి పోవాలి. పాత పునాది పక్కనే అంతకన్నా లోతుగా ఒకేసారి పొడవునా తవ్వనివ్వకు, పాత గోడ కూర్చుంటుంది. కొంచెం కొంచెంగా తవ్వి, అక్కడ పునాది వేసి పూడ్చుకుంటూ పోవాలి.

తూర్పు వైపు మాత్రం వద్దు. మే నెల ఎండలో మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి వచ్చేది అటునుంచే. ఆ వైపు కిటికీ మూసేస్తే నడిమి గది పగలే చీకటవుతుంది, వదిన అక్కడే పడుకుంటుంది. పడమర వైపు సెప్టిక్ ట్యాంకు ఉందిగా, దాని మీద గది రాకూడదు. ఇక మిగిలింది ఉత్తరం వైపు జాగా. పంచాయతీలో అడిగి హద్దు నుంచి ఎంత వదలాలో తెలుసుకో.

పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు, అప్పుడు గుంటలు తవ్వితే నీళ్ళే నిండుతాయి. స్లాబ్ వేశాక కనీసం రెండు వారాలు తడి ఆరనివ్వకు, ఎండ ముదిరితే గోనెసంచులు పరచి తడుపు. ఇసుక ఉప్పుటేరుల దగ్గరిది కొనకు, ఉప్పుంటే లోపల చువ్వలు తుప్పు పడతాయి. మేస్త్రికి డబ్బు పని జరిగినంతవరకే ఇవ్వు.

ఆదివారం గుంట తవ్వించి ఫోటో పంపు. నేనూ మీ మామయ్యా చూస్తాం.

ఆశీస్సులతో,
మీ అత్త